పెరట్లో నాన్న డేరా

ఆ ఏడాది ఫిబ్రవరిలో మా నాన్న మా ఇంటికి వచ్చాడు. మూడు నెలలుండి వెళ్ళిపోవాలన్నది అనుకున్న మాట. అమ్మ రాలేదు. విశాఖపట్నంలో తమ్ముడి భార్యకి మొదటి కాన్పు, అప్పటికి ఐదో నెల. అంచేత వాళ్ళిద్దరూ పని పంచుకున్నారు, అమ్మ కోడలి దగ్గర, నాన్న కూతురి దగ్గర.

ఐర్లండ్‌లో, కార్క్ నగరం పక్కన బాలింకాలిగ్‌లో మాదొక అద్దె ఇల్లు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. మా ఆయన ఆస్పత్రిలో నర్సు. ఆయన షిఫ్టులకీ నా మీటింగులకీ ఎక్కడా పొంతన కుదరక, తొమ్మిదేళ్ళ కూతుర్నీ ఆరేళ్ళ కొడుకునీ బడి నుంచి తెచ్చే మనిషి కోసం నాన్నని బతిమాలి రప్పించుకున్నాను. ఆయన వచ్చిన కొన్నాళ్ళకే బడులు మూసేశారు. విమానాలు ఆగిపోయాయి. డెబ్బై దాటినవాళ్ళు గుమ్మం దాటకూడదన్నారు. దానికి కకూనింగ్ అని పేరు పెట్టారు. నాన్నకి డెబ్బై ఒకటి. ఆ మాటకి అర్థం చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు.

"పట్టుపురుగుల్లాగ గూట్లో కూకోమన్నారా? మరి పట్టు తీసీవోళ్ళెవరమ్మా?"

నాన్న సైన్యంలో రేషన్ లారీ నడిపేవాడు. హవల్దారుగా రిటైరయ్యాడు. నా చిన్నప్పుడు, శ్రీలంకలో అంతర్యుద్ధం జరుగుతున్న రోజుల్లో, మన సైన్యంతో అక్కడికి వెళ్ళి చాలాకాలం క్యాంపుల్లో ఉన్నాడు. ఇంట్లో ఎన్నడూ ఆ సంగతులు ఎత్తలేదు. మాకు తెలిసినవల్లా ఆయన అలవాట్లే. తెల్లారకముందే లేవడం, దుప్పటి మూలలు కత్తితో కోసినట్టు మడవడం, ఎంత వేడి టీ అయినా నిలబడే తాగేయడం.

ఏప్రిల్‌లో మా ఆయన్ని కోవిడ్ వార్డులో వేశారు. ఆ సాయంత్రం ఆయన లోపలికి రాలేదు. వాకిట్లోనే నిలబడి, ఆస్పత్రి దగ్గర ఒక గది చూసుకుంటానని, ఆ వార్డు పని అయ్యేదాకా అక్కడే ఉంటానని కిటికీలోంచి నాకు చెప్పాడు.

"మామయ్య వయసు చూడు. ఆయన్ని ఇంట్లో పెట్టుకుని నేనెలా వస్తాను?" అన్నాడు.

పిల్లలు ఏడుపు లంకించుకున్నారు.

ఇక్కడ మామా అల్లుళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. మాది మేం ఇష్టపడి చేసుకున్న పెళ్ళి. మాది గుడికి వెళ్ళే ఇల్లు, ఆయనది చర్చికి వెళ్ళే ఇల్లు. నాన్న కాదనలేదు. పెళ్ళికి వచ్చి దీవించాడు. కాని ఇన్నేళ్ళలోనూ అల్లుడితో ఆయన మాటలు "బాగున్నారా బాబూ", "భోంచేశారా" దాటి ముందుకి వెళ్ళలేదు. కోపం కాదు, ఏం మాట్లాడాలో తెలియకపోవడం. మగవాడు నర్సు పని చేయడమేమిటన్న ఆలోచన కూడా ఆయన మనసులో ఉండేదని నా అనుమానం.

ఆ సాయంత్రం మాత్రం నాన్న తలుపు తీసుకుని వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు.

"బాబూ, మీరెక్కడికీ వెళ్ళొద్దు. పైన పెద్దగదిలో ఉండండి, దానికి స్నానాలగది కూడా ఉన్నాది. అమ్మాయి నా గదిలో పడుకుంటాది, నేను పెరట్లో డేరా వేసుకుంటాను."

"డేరా ఏంటి నాన్నా, సోఫా ఉంది కదా" అన్నాను.

"ఆ సోఫా మీద పడుకుంటే నడుం విరిగిపోతాది. పోరాటం నుంచి వచ్చినోడు మంచం మీద పడుకోవాలి, ఖాళీగా ఉన్నోడు డేరాలో పడుకోవాలి. అది రూలు."

అలాంటి రూలు ఏ సైన్యంలోనూ లేదని నాకు తర్వాత తెలిసింది.

ఆ రాత్రికి సోఫాతో సర్దుకుని, మర్నాడు పొద్దున్నే నాన్న పని మొదలెట్టాడు. దుకాణాలు మూసి ఉన్నాయి కాబట్టి డేరా కొనే దారి లేదు. బట్టలారేసే తాడు మీద రెండు దుప్పట్లు వేసి, మూలలకి ఇటుకలు పెట్టి, పిల్లలిద్దరి చేతా ముడులు వేయిస్తున్నాడు. పక్కింటి ముసలాయన గోడ అవతల నిలబడి చూస్తున్నాడు. అప్పటికి మూడేళ్ళుగా మేం ఇరుగుపొరుగువాళ్ళం. పొడుగాటి మనిషి. ఒక్కడే ఉంటాడు. ఆయనకీ డెబ్బై దాటాయి కనక ఆయనా గూట్లోనే. వారానికోసారి కూతురు వచ్చి సామాను గుమ్మంలో పెట్టి, కిటికీలోంచి చెయ్యూపి వెళ్ళిపోయేది. "గ్రాండ్ డే" అంటే "గ్రాండ్" అనుకోవడం తప్ప మాకు ఆయనతో వేరే మాటల్లేవు.

"అది ఈ రాత్రికి నిలవదు, బాయ్" అన్నాడాయన ఇంగ్లీషులో.

నాన్న ముఖం ముడుచుకుపోయింది. నా వైపు తిరిగాడు.

"బాయ్ అంటాడేటి? నాకు డెబ్బై దాటిపోనాయి."

"ఇట్స్ జస్ట్ కార్క్, తాతా" అంది నా కూతురు. "దే సే ఇట్ టు ఎవ్రీవన్."

ముసలాయన నాన్న వేసిన ముడి వంక తేరిపార చూశాడు. "ఆర్మీలో చేశావా?" అని అడిగాడు.

"ఇండియన్ ఆర్మీ, సర్. హవల్దార్" అన్నాడు నాన్న, చేతిలో తాడు అలాగే పట్టుకుని నిటారుగా నిలబడి.

"ఐరిష్ ఆర్మీ. సార్జెంట్" అన్నాడాయన.

హవల్దారన్నా సార్జెంటన్నా ఒకటే హోదా అని నేను గోడకి ఇటూ అటూ చెప్పాను. నాన్న సెల్యూట్ కోసం సగం లేపిన చెయ్యి దించేసి నవ్వాడు. "అయితే బరాబర్" అన్నాడు. ఆ మాట మాత్రం ఎవరూ తర్జుమా చేయనక్కర్లేకుండానే ముసలాయనకి అర్థమైంది.

బాలింకాలిగ్‌లోనే ఒకప్పుడు సైనికుల బారక్స్ ఉండేవి. ఇప్పుడక్కడ దుకాణాలూ ఇళ్ళూ. సార్జెంటు గారు ఆ బారక్స్ మనిషి. లెబనాన్‌లో అంతర్యుద్ధం జరిగినప్పుడు శాంతిసేనలో రెండుసార్లు వెళ్ళొచ్చాడట. అరగంట పోయాక ఆయన షెడ్డులోంచి ఒక బరువైన సంచీ ఈడ్చుకొచ్చి గోడ మీదుగా దించాడు. లోపల ఆకుపచ్చ కాన్వాస్ డేరా, మేకులు, చెక్క సుత్తి, మడత మంచం ఉన్నాయి. చేపలు పట్టడానికి వెళ్ళినప్పుడు వాడేవాడట.

అలా మా పెరట్లో క్యాంపు వెలిసింది.

ఆ వసంతంలో ఐర్లండ్‌లో ఎన్నడూ లేనంత ఎండ కాసింది. అయినా రాత్రి చలి చలే. రెండు బొంతలు, వేడినీళ్ళ సంచీ, ఉన్నిటోపీ ఇచ్చి పంపేదాన్ని. పొద్దున్నే నాన్న ఈల వేసేవాడు. నైటుడ్రెస్సుల్లోనే పిల్లలు వరసలో నిలబడేవారు. హాజరు పలకడం, కసరత్తు, ఆ తర్వాత టీ. టీ కూడా క్యాంపులోనే. ఇటుకల పొయ్యి, దాని మీద నల్లబడిపోయిన నా గిన్నె. వాన వస్తే నీళ్ళు పోవాలని డేరా చుట్టూ చిన్న కాలువ తవ్వాడు. మా లీజులో కాలువల ప్రస్తావన లేదుగాని, ఇంటి ఓనరు ఆ వైపు రాకూడదని మాత్రం నేను రోజూ దండం పెట్టుకునేదాన్ని. నా ఆఫీసు మీటింగుల్లో ఈల వినబడితే మా మేనేజరు "ఇప్పుడేమిటి, డ్రిల్లా, భోజనమా?" అని అడిగేవాడు.

భాషతో వచ్చిన తంటాలు వేరు. నా కొడుకుని కంచాలు తెమ్మంటే, "దే ఆర్ ఇన్ ద ప్రెస్" అని ఆటలో పడిపోయాడు. ఇక్కడ ప్రెస్ అంటే అలమర.

"పేపరాఫీసులో మన కంచాలేటి?" అని నాన్న వంటింట్లోకి వచ్చి నన్నడిగాడు.

గోడ అవతల సార్జెంటు గారు కూడా ఈలకే లేవడం మొదలెట్టాడు. కుర్చీ తెచ్చుకుని, కప్పు పట్టుకుని, తన కసరత్తు తాను చేసుకుంటూ మా వాళ్ళ తప్పులు ఎంచేవాడు. పిల్లలు ఆయన్ని సార్జెంట్ అనే పిలిచేవారు. ఒకరోజు పొద్దున నేను వెళ్ళేసరికి డేరా నేలమట్టమై ఉంది. రాత్రి గాలికి రెండు మేకులు ఊడిపోయాయి. డేరా దగ్గరికి పరుగెత్తాను. కాన్వాస్ కిందనుంచి, "టీ పెట్టీయమ్మా, లేచీసేను" అని నాన్న గొంతు వినబడింది. గోడ మీద మోచేతులానించి సార్జెంటు గారు, "మేకులు వాలుగా కొట్టమని నేను చెప్పలేదూ?" అన్నాడు. అది నేను తర్జుమా చేస్తే నాన్న, "చెప్పినాడు గానీ, ఎవుడు వింటాడు?" అన్నాడు. అది కూడా తర్జుమా చేశాను. ఇద్దరూ ఆ పూటంతా అదే తలుచుకుని నవ్వుకున్నారు.

మా ఆయన వార్డు నుంచి వచ్చి వెనక తలుపు దగ్గరే బట్టలు మార్చుకుని పైకి వెళ్ళిపోయేవాడు. స్నానం చేసి కిటికీ తెరిచేవాడు. పెద్దగది కిటికీ పెరటివైపే. పిల్లలు కింద నుంచి ఆ రోజు చేసిన ఘనకార్యాలన్నీ అరిచి చెప్పేవారు. పైనుంచి ఆయన, "మామయ్యా, రాత్రి చలేసిందా? దగ్గేమన్నా ఉందా?" అని అడిగేవాడు. "ఏటీ లేదు బాబూ, బాగున్నాను" అని నాన్న. మొదట అంతే. మా ఆయన కళ్ళ కింద మాస్కు ఒరుసుకుపోయి ఎర్రటి గీతలు పడి ఉండేవి. నాన్న తల పైకెత్తి వాటినే చూస్తుండడం నేను వంటింట్లోంచి గమనించేదాన్ని.

క్యాంపు కథలు బయటికి తీసింది సార్జెంటు గారే. ఒక సాయంత్రం, "మీ క్యాంపు ఎలా ఉండేది?" అని మామూలుగా అడిగాడు. మేం ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా అడగలేదు. నాన్న చెప్పడం మొదలెట్టాడు. నేను గోడ పక్క కూర్చుని ఇటు మాట అటు వేస్తున్నాను.

తాటితోపుల మధ్య క్యాంపు. పగలు చెమట, సాయంత్రం దోమలు. ఆదివారం పూరీలు. ఒక పంజాబీ వంటవాడు సాంబారు నేర్చుకుంటానని పట్టుబట్టి అందులో బంగాళాదుంపలు, జీలకర్ర, చివరికి పాలు కూడా పోశాడట. తినలేక, వాడి మనసు నొప్పించలేక, తెలుగువాళ్ళూ తమిళులూ కలిసి దానికి వేరే పేరు పెట్టి తినేశారట.

"మా క్యాంపులో నిమ్మకాయలు" అన్నాడు సార్జెంటు గారు. "కొండ కింద ఊరి ఆడవాళ్ళు పలచటి రొట్టెలూ బుట్టెడు నిమ్మకాయలూ తెచ్చి ఇచ్చేవారు. మేం అన్నిట్లోనూ నిమ్మకాయ పిండుకునేవాళ్ళం. ఇంటికెళ్ళాక టీలో పిండుకున్నానని మా ఆవిడ నన్ను డాక్టరు దగ్గరికి వెళ్ళమంది."

అప్పుడు నాన్న తనకి జబ్బు చేసిన సంగతి చెప్పాడు. మలేరియా. వారం పైన ఒళ్ళు తెలియలేదు. క్యాంపు ఆస్పత్రి డేరాలో ఒక మలయాళీ కుర్రాడు ఉండేవాడు, నర్సింగ్ అసిస్టెంటు. నుదుటి మీద తడిగుడ్డ మార్చుతూ, గంజి చెంచాతో పోస్తూ, తన ఊరి వాగు గురించి, ఇంట్లో ఉన్న మేకల గురించి చెబుతూ కూర్చునేవాడట.

"వోడి మాట సగం నాకు తెలీదు. తెలీకపోయినా అలా వింటా ఉంటే బతకాలనిపించీది" అన్నాడు నాన్న. "మా అమ్మ తరవాత నన్నలా చూసినోడు వోడే. మగోడు."

ఆ చివరి మాట ఆయన కొంచెం ఆగి అన్నాడు. పైన కిటికీ తెరిచే ఉంది. మా ఆయన అందులో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు.

మర్నాడు నాన్నే ముందు పలకరించాడు. "బాబూ, ఈయేళ మీ వార్డులో ఎలాగున్నాది?" అన్నాడు. మా ఆయన కిటికీ చెక్క మీద కూర్చుని చాలాసేపు చెప్పాడు. తొంభై దాటిన ఒక పెద్దావిడ లేచి కూర్చుని, తన జుట్టు దువ్వితేగాని ఇంటివాళ్ళతో వీడియో కాల్ మాట్లాడనందట. ఈయనే దువ్వి జడ వేశాడట. కూతురికి జడలు వేసి వేసి చెయ్యి తిరిగింది కదా అంటే నాన్న గట్టిగా నవ్వాడు. ఆ రోజు నుంచి సాయంత్రం పూట కిటికీకీ డేరాకీ మధ్య కబుర్లు సాగేవి. నాన్న మెడ నొప్పి అనేవాడు. అయినా మానలేదు.

అన్నీ చెప్పేవి కావని కూడా ఆ సాయంత్రాల్లోనే తెలిసింది. ఒకసారి నా కొడుకు, "తాతా, వర్ యు స్కేర్డ్?" అని అడిగాడు. నాన్న, "ఒకసారి నా ముందు బండి వెళ్ళింది, తిరిగి రాలేదు" అని ఆగిపోయాడు. నేను దాన్ని ఇంగ్లీషులో చెప్పాను. సార్జెంటు గారు బిస్కెట్ల డబ్బా మూత తీసి గోడ మీద పెట్టాడు. నాన్న రెండు తీసుకున్నాడు. ముగ్గురూ బిస్కెట్లు తిన్నారు. తర్వాత పిల్లవాడు బంతి తెచ్చాడు.

జూన్ మొదటి శనివారం ఉదయం నాన్న పొయ్యి రాజేస్తుంటే తమ్ముడి ఫోను వచ్చింది. మగపిల్లాడు. తల్లీబిడ్డా క్షేమం. ఆస్పత్రి లోపలికి ఒక్కరినే రానిస్తున్నారని అమ్మ లోపల ఉండిపోయింది, తమ్ముడు కింద మెట్ల దగ్గరున్నాడు. కాసేపటికి అమ్మ వీడియో కాల్ చేసింది. గుడ్డలో చుట్టిన ఎర్రటి ముఖం, బిగించిన పిడికిలి. నాన్న చేతులు చొక్కాకి తుడుచుకుని ఫోను అందుకున్నాడు.

"కొడుకు పుట్టినప్పుడూ యుద్ధంలోనే ఉన్నారు, మనవడు పుట్టినప్పుడూ డేరాలోనే ఉన్నారు" అంది అమ్మ. "మీకూ కాన్పులకీ పడదనుకుంటా."

"ఈసారి చూస్తున్నాను కదే" అన్నాడు నాన్న. మనవడి ముఖం చూస్తూ అలాగే ఉండిపోయాడు.

ఫోను పెట్టేశాక ఆయన గోడ దగ్గరికి వెళ్ళి తమ్ముడు పుట్టిన కబురు తనకెలా అందిందో చెప్పాడు. నేనూ అప్పుడే విన్నాను. టెలిగ్రాం మద్రాసు దాకా వచ్చి అక్కడే ఎక్కడో ఆగిపోయింది. సొంత కబుర్లు వైర్‌లెస్‌లో చెప్పకూడదు. మద్రాసులోని వైర్‌లెస్ ఆపరేటరు తెలుగువాడు, ఆ టెలిగ్రాం అతని కంటబడింది. రేషన్ లెక్కలన్నీ చెప్పి, చివర్లో, "మీ లారీ డ్రైవరుకి కొత్త క్లీనరు వచ్చాడని చెప్పండి. పొట్టివాడు, గొంతు మాత్రం పెద్దది" అన్నాడట. ఆ సాయంత్రం పంజాబీ వంటవాడు సూజీ హల్వా చేశాడు. చీకటి పడ్డాక దీపాలు వెలిగించకూడదు, చప్పుడు చేయకూడదు. అందరూ చీకట్లో కూర్చుని, చేత్తో తడుముకుంటూ, గుసగుసగా శుభాకాంక్షలు చెబుతూ హల్వా తిన్నారట.

సార్జెంటు గారు విని, "అయితే ఇవాళ చప్పుడు చేద్దాం" అన్నాడు.

"బడాఖానా పెట్టాలి" అన్నాడు నాన్న.

బడాఖానా అంటే సైన్యంలో పండగ భోజనం. ఆ రోజు ఆఫీసర్లు నిలబడి వడ్డిస్తారు, జవాన్లు కూర్చుని తింటారు. అదృష్టం కొద్దీ మా ఆయనకి ఆ రోజు సెలవు. ఇటుకల పొయ్యి మీద కోడికూర, వంటింట్లో పులావు, సేమ్యా పాయసం. సార్జెంటు గారు రుబార్బ్ కాడలతో ఒక తీపి టార్ట్ చేశాడు. ఆయన తన వైపే కూర్చున్నాడు. కంచం అందించడం ఎలాగంటే, నాన్న పార కడిగి, దాని మీద కంచం పెట్టి, కర్ర చివర పట్టుకుని గోడ దాటించాడు. అదే పార మీద టార్టు ముక్కలు ఇటు వచ్చాయి. పిల్లలు ఆ తర్వాత వారం రోజులు పార లేకుండా అన్నం తినేది లేదన్నారు.

మా ఆయన పెరటి ఆ చివర, గేటు పక్కన కుర్చీ వేసుకున్నాడు. కోవిడ్ వార్డుకి వెళ్ళినప్పటి నుంచి ఆయన మాతో కలిసి తినడం అదే మొదటిసారి, అంత దూరంలోనైనా సరే.

"ఈ క్యాంపులో జవాను ఒక్కడే" అన్నాడు నాన్న పిల్లలతో. "మిగతా వాళ్ళం అందరం ఆఫీసర్లం. నడండి."

పులావు నా కూతురు, గ్లాసు నా కొడుకు, కోడికూర నాన్న. అన్నీ గడ్డి మధ్యలో స్టూలు మీద పెట్టి వెనక్కి వచ్చేశారు. మా ఆయన లేచి వెళ్ళి తెచ్చుకున్నాడు. నాన్న గరిట పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"కారం సరిపోయిందేటి నాయనా?" అన్నాడు. "కడుపునిండా తిను. చిక్కిపోనావు."

"మీరు" అనలేదు. "బాబూ" అనలేదు. నాకు అర్థమయ్యేలోపే మా ఆయనకి అర్థమైనట్టుంది. ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు నమలడం మరిచిపోయాడు. ఆ తర్వాత, "ఇంకొంచెం కూర వెయ్యి మామయ్యా" అన్నాడు. నాన్న గిన్నె మొత్తం తీసుకెళ్ళి స్టూలు మీద పెట్టేశాడు.

గోడ అవతల సార్జెంటు గారు పళ్ళెం మీద చెంచాతో దరువు వేస్తూ ఏదో పాట అందుకున్నాడు. గొంతు బాగుంది. మా వాళ్ళకి రెండో చరణానికే పల్లవి వచ్చేసింది.

ఆ నెలాఖరుకి మా ఆయన్ని పాత వార్డుకి మార్చారు. పరీక్ష చేయించుకుని, కొన్నాళ్ళు ఆగి, ఒక మధ్యాహ్నం మెట్లు దిగి సరాసరి పెరట్లోకి వెళ్ళాడు. పిల్లలు డేరాలో ఉన్నారు. ఆయన వంగి లోపలికి దూరాడు. కాన్వాస్ అటూ ఇటూ ఊగడం, లోపల కేకలు, నవ్వులు. నాన్న బయట నిలబడి ఒక చేత్తో డేరా కర్ర పడిపోకుండా పట్టుకుని, "మెల్లగా, మెల్లగా, మేకులు ఊడిపోతాయి" అంటున్నాడు గాని, ఆపమని మాత్రం అనలేదు. ఆ రాత్రి నాన్న ఇంట్లోకి రావడానికి ఒప్పుకోలేదు. అల్లుడు కూడా మంచం వదిలేసి పిల్లలతో డేరా ముందు చాప వేసుకుని, దోమలు లేవు కదా అని పొద్దుపోయేదాకా అక్కడే కూర్చున్నాడు. ఇక్కడ వేసవిలో పదింటికి గాని వెలుతురు పోదు.

ఆగస్టులో ప్రత్యేక విమానంలో నాన్నకి సీటు దొరికింది. డేరా మడిచి, మేకులు కడిగి నూనె రాసి, తిరిగి గోడ మీద పెట్టాడు. సార్జెంటు గారు దాన్ని తీసుకోలేదు. పిల్లలకి ఉండనివ్వమన్నాడు. అప్పటికి ఎవరికీ కరచాలనం చేసే వీల్లేదు. ఇద్దరూ గోడకి చెరోవైపు నిలబడి, ఏం చేయాలో తెలియక నవ్వుకుని, మోచేతులు తాకించుకున్నారు. విమానాశ్రయానికి మా ఆయనే తీసుకెళ్ళాడు. మూడు గంటల దారంతా ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "మీ నాన్న నా డ్రైవింగులో తప్పులు చెబుతూనే ఉన్నాడు. హాయిగా ఉంది" అన్నాడు.

విశాఖలో క్వారంటైన్ ముగించుకుని నాన్న మనవడిని ఎత్తుకున్న ఫోటో తమ్ముడు పంపాడు. పిల్లాడు ఆయన చెవి పట్టుకుని లాగుతున్నాడు.

ఇప్పుడు ఆదివారాలు సార్జెంటు గారు వాట్సాప్‌లో నాన్నకి ఫోన్ చేస్తాడు. నా కూతురు నేర్పింది. నేను మధ్యలో ఉండను, ఉంటానంటే ఇద్దరూ వద్దన్నారు. నాన్న గదిలో తలుపేసుకుని అరగంట మాట్లాడతాడని అమ్మ చెప్పింది.

"ఇంగ్లీషు ఈయనకి రాదు, తెలుగు ఆయనకి రాదు. ఏటి మాట్లాడుకుంటారని అడిగేను" అంది అమ్మ. "ఇక్కడ ఎండని ఈయన చెబుతారట, అక్కడ వానని ఆయన చెబుతాడట. మిగతాది ఇద్దరికీ తెలుసట."